పడమటి గోడ మీద మూడో అద్దం

తేదీ: 22-7-2007, ఆదివారం

మహారాజశ్రీ డివిజను అధికారి గారి సముఖమునకు, కాలువగట్టుపాలెం గ్రామ కాపురస్తుడు, తాపీ మేస్త్రీ దుర్గయ్య నమస్కరించి వ్రాయించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా గ్రామ బాలికల వసతి గృహము పడమటి గోడ కూలుటకు సిద్ధముగా నున్నందున, సాగర్ కాలువకు నీరు వదులులోగా అందులోని నూట ఆరుగురు పిల్లలను వేరుచోటికి తరలించుట గురించి.

1) నేను ముప్పయ్యైదేళ్లుగా తాపీ పట్టి బతుకుతున్నవాడను. మిర్యాలగూడలో రైసు మిల్లుల గోడలు, కోదాడలో అంగళ్ల గోడలు కట్టినాను. గొప్పకు చెప్పడం లేదు, గోడ మాట వచ్చినప్పుడు నా మాట నమ్మవచ్చునని చెబుతున్నాను. నాకు సంతకం తప్ప అక్షరం రాదు. ఈ దస్తూరీ నా మనుమరాలు ఉషారాణిది. తొమ్మిదో తరగతి. అదే వసతి గృహంలో, అదే పడమటి గోడకు తల పెట్టి పడుకుంటుంది. ఈ రోజు ఆదివారం కాబట్టి పెద్దవాళ్లను లోపలికి రానిస్తారు. వరండాలో కూర్చుని నేను చెబుతుంటే రాస్తున్నది.

2) సదరు భవనము పూర్వము వడ్ల గోదాము. నల్లరేగడి మీద, లోతు లేని పునాదితో కట్టినారు. బస్తాలకు అది చాలింది. తరువాత బస్తాలు తీసి పిల్లలను పెట్టినారు. నల్లరేగడి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంగుతుంది. గోడకు ఇరవై అడుగుల దూరంలోనే కాలువ. కాలువ పారిన ప్రతి ఏడూ గోడ అడుగున ఊట వస్తుంది, పిల్లల రేకు పెట్టెలు అడుగున తుప్పు పడతాయి. పోయిన ఏడు ఆ గోడ పైనుండి కిందిదాకా చీలింది. నా చిటికెన వేలు అందులో దూరేది. అమ్మాయిలు పెన్సిళ్లు దాచుకునేవారు.

3) ఇక నా నేరము. దీనిని తమరు శ్రద్ధగా వినవలెను.

మా శాసనసభ్యులవారు పేదల పక్షాన నోరున్న మనిషి. హాస్టలులో చదువుకున్నవారు. సభలో లేచిన ప్రతిసారీ పేద పిల్లల చదువు గురించే అడుగుతారని పేరు. ఆయన పోయిన ఫిబ్రవరిలో వసతి గృహాలన్నీ తిరిగి చూస్తూ మా ఊరికి కూడా వస్తున్నారని కబురు వచ్చింది. సర్పంచి బీరయ్య నన్ను పిలిపించాడు.

"ఎమ్మెల్యే సారు మనూరికి మొదటిసారి వస్తున్నడు దుర్గయ్యా. గోడ గట్ల నోరు తెరుసుకొని ఉంటె మన ఇజ్జత్ ఏం గావాలె? రెండ్రోజుల్ల మూసెయ్."

ఇంటికి పెద్దమనిషి వస్తున్నాడంటే చిరిగిన బొంత దాచి, ఉన్నదాంట్లో మంచి దుప్పటి పరచడం మా అలవాటు. ఆ చీలికను కూడా మేము చిరిగిన బొంత కిందనే జమకట్టినాము. ఆడవాళ్లు అలుకు చల్లినారు. నేను చీలికలో సిమెంటు కూరి, పైన నునుపు చేసి, సున్నం కొట్టినాను. నా చేతితో అంత చక్కని పని ఎన్నడూ చేయలేదు. కూలి తీసుకోలేదు, మర్యాద కోసం చేసినాను.

ఆయన వచ్చినారు. గోడ మీద అరచెయ్యి పెట్టి నిమిరినారు. "నేను సదువుకున్న హాస్టల్ల వానొస్తే పుస్తకాలు కడుపుల పెట్టుకొని కూసుందుము. మీరు పిల్లల్ని గింత మంచిగ సూసుకుంటున్నరు" అన్నారు. ఆయన కళ్లలో నీళ్లు తిరగడం నేను చూసినాను. చేతిలో ఒక నోటు పుస్తకం ఉన్నది. ఏ హాస్టలులో ఏ లోపం ఉందో అందులో రాసుకొని సభలో అడగడానికే ఆయన తిరుగుతున్నారని మాకు తరువాత తెలిసింది. మా ఊరి పేజీలో 'బాగున్నది' అని ఒక్క మాట రాసుకున్నారట. ముందే తెలిసినా మేము మూసేవాళ్లమేమో. అంతకన్న నమ్మకంగా చెప్పలేను.

4) మార్చిలో ఆయన సభలో మాట్లాడినారు. ఒక పేద ఊరు తన ఆడపిల్లల వసతి గృహాన్ని అద్దంలా ఉంచుకోగా సర్కారు ఎందుకు ఉంచలేదని గట్టిగా నిలదీసినారు. ఊరంతా టీవీ ముందు కూర్చుని చప్పట్లు కొట్టినాము, నేను కూడా కొట్టినాను. దాని ఫలితంగా జూన్‌లో, కప్పు కారుతున్న ఇంకొక వసతి గృహాన్ని మూసి, అందులోని ముప్పై ఇద్దరు తండా పిల్లలను మా 'బాగున్న' దానికి పంపినారు. అక్కడ తడిసేవాళ్లు, అంతే. చాందీ అనే పిల్ల తండ్రి గోప్యా పెట్టె దింపి, నా రెండు చేతులు పట్టుకున్నాడు.

"మంచి గోడల నడుమ పెట్టిన్రు మా బిడ్డను. మీ ఊరికి దండం తాతా" అన్నాడు.

నేను ఆ పెట్టెను మోసి, పడమటి గోడకు దూరంగా పెట్టినాను.

5) బడి తెరిచిన వారానికే నా సిమెంటు పక్కనుండి సన్నని గీత మళ్లీ పైకి పాకింది. గోడ కదులుతున్నదా, ఆగినదా అని తెలుసుకోవడానికి మేస్త్రీలు చీలిక మీద అడ్డంగా గాజు ముక్క పెట్టి రెండు కొసలూ సిమెంటుతో అతికిస్తారు. గాజు సాగదు కాబట్టి గోడ వెంట్రుకవాసి జరిగినా పగులుతుంది. నేను పాత అద్దాన్ని ముక్కలు చేసి, ఒక ముక్క జూన్ 17న అతికించి, సిమెంటు మీద మేకుతో తేదీ గీసినాను. 24కు పగిలి ఉంది. రెండోది పెట్టినాను. జూలై 1న వచ్చి చూస్తే అదీ పగిలింది, బుధవారమే పగిలిందని వార్డెన్ స్వరూప గారు చెప్పినారు. అదే రోజు మూడోది పెట్టి, మిగిలిన ముక్కలు, దోసెడు సిమెంటు డబ్బాలో వేసి అక్కడి సామాన్ల గదిలోనే ఉంచినాను.

"చదువుకుంటుంటె గోడ పటపట పండ్లు కొరికినట్టు చప్పుడైతది తాతా" అని ఉషారాణి అన్నది.

అయితే మూడో అద్దం 8వ తేదీకి, 15వ తేదీకి, నేటికి కూడా చెక్కు చెదరలేదు. దీనిని బట్టి గోడ ప్రస్తుతము కుదురుకొన్నదనియు, ఆగస్టు మొదటి వారములో కాలువకు నీరు వదిలి అడుగు నానువరకు వ్యవధి గలదనియు నా అనుభవముపై అంచనా వేయుచున్నాను. అనగా రెండు వారములు.

6) ఈ సంగతి నోటితో చెప్పడానికి తమ ఆఫీసుకు నాలుగు సార్లు తిరిగినాను. అక్కడి గుమాస్తా జగదీశ్ ఫైలు తీసి చూపించినాడు.

"మరమ్మతు అయిపోయిందని ఉంది. ఎమ్మెల్యే సార్ సభల గూడ చెప్పిండు. నీ అద్దం ముక్కను సూసి సభల మాట మార్చమంటవా?"

సర్పంచి బీరయ్య దగ్గరికి పోతే, "సారు పరువు పోతది, జర ఓపిక పట్టు" అన్నాడు. శాసనసభ్యులవారి ఇంటికి మూడుసార్లు పోయినాను. హైదరాబాదులో ఉన్నారు అన్నారు. ఆయనకు ఈ మాట చేరితే పరుగెత్తి వస్తారని నాకు నమ్మకం. చేరనివ్వరు. ఆయన మాట కింద పడకూడదని అందరూ పట్టుకున్నారు, గోడను పట్టుకున్నవాడు మాత్రం లేడు.

7) కావున నా విన్నపములు:

పిల్లలను వెంటనే బడి గదులలోకి మార్పించవలెను. ఇంజనీరు గారిని పంపవలెను, వారు సున్నమును చూడక వేలితో తట్టి వినవలెను, డొల్ల చప్పుడు వచ్చును. శాసనసభలో మాట తప్పుగా పోయినందుకు శిక్ష ఎవరికైనా వేయవలసియున్న నాకు వేయవలెను.

అన్నిటికన్న ముఖ్యము, ఈ వంకతో వసతి గృహమును ఎత్తివేయరాదు. ఎత్తివేసిన మరునాడు ఈ పిల్లలలో సగం మంది పత్తి చేలల్లో ఉంటారు. నా బిడ్డ అక్కడే ఉంది, దాని చేతులు నేను చూస్తున్నాను. దాని బిడ్డ చేతులు ఇప్పుడు ఈ కాగితం మీద ఉన్నాయి. అయ్యా, నాకు భయంగా ఉంది. ముప్పయ్యైదేళ్లలో నేను కట్టిన గోడ ఒక్కటీ పడలేదు. నేను కట్టని గోడకు నా సున్నం ఉన్నది.

ఈ అర్జీని వరుసలో అడుగున పెట్టక, అందిన పూటే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దుర్గయ్య, తాపీ మేస్త్రీ

తా.క. సార్, ఇది తాత చెప్పింది కాదు. తాత సంతకం చేసి కవరు కొనడానికి అంగడికి పోయాడు. నేను ఉషారాణిని రాస్తున్నాను.

రెండో అద్దం పగిలినప్పుడు మా వార్డెన్ మేడమ్, "ఇంకొక్కటి పగిలితే నేను గూడ పైకి రాయాలె బిడ్డా. రాస్తే హాస్టలే ఎత్తేస్తరేమో" అని బాధపడింది. చాందీ, "మల్ల పత్తి చేన్లకేనా?" అని ఏడ్చింది. మూడో అద్దం నాలుగు రోజులకే పగిలింది. మేమిద్దరం అందరూ స్నానాలకు పోయిన వేళ తాత డబ్బాలోంచి ఇంకో ముక్క తీసి అతికించాం. సిమెంటు పచ్చిగా కనబడకుండా పైన సున్నం అద్ది, తాత గీసిన జూలై 1 తేదీనే మేకుతో గీశాం. అదీ పగిలింది. మళ్లీ పెట్టాం. మొదట రెండు రోజులకొకటి పగిలేది. గురువారం నుంచి రోజూ పగులుతున్నది.

ఈ పొద్దు తాత చూసి, "గోడ పండుకున్నది బిడ్డా" అన్నాడు. నెల రోజుల తర్వాత నవ్వాడు. అందుకే చెప్పలేకపోయాను. మీకు చెబుతున్నాను. తాత లెక్క తప్పు. అది తప్పేట్టు చేసింది మేము. రెండు వారాలు లేవు సార్. నీళ్లు వదిలేదాకా ఆగకండి. మమ్మల్ని ఇంటికి మాత్రం పంపకండి, వేరే గోడల దగ్గరికి పంపండి.

తాత చూసిన అద్దం పద్నాలుగోది. పొద్దున పెట్టాం. ఇప్పుడే లోపలికి పోయి చూసి వచ్చాను, నడుమ గీత పడింది. డబ్బాలో ముక్కలు అయిపోయాయి.