తాబేలుకి కొత్త పైపులు

జూన్ 3
పొద్దున్నే కారు కింద దూరాను. ఊరంతా తాబేలని పిలిచే నా పాత కారు. నీళ్ళక్కర్లేదు, గాలితోనే చల్లబడే ఇంజను. దొంగ దొరికాడు — హీటరు పెట్టెలు! పొగ గొట్టాల చుట్టూ ఉండే రేకు డబ్బాలు. అక్కడి వేడిగాలిని కారులోకి పంపుతాయి. చలిదేశాల వాళ్ళ ముచ్చట. అమలాపురంలో హీటరు ఎవడిక్కావాలి? లోపలి గొట్టాలు తుప్పుపట్టి చిల్లులు... వేడితో పాటు పొగా లోపలికే. మొన్న అల్లవరం దారిలో మా ఆవిడ రూతుకి కళ్ళు తిరిగాయి, అందుకే. "ఇంక ఆ కారెక్కనండి. మీరొక్కరే ఊరేగండి." భార్య ఎక్కని కారు నాకెందుకు?

జూన్ 5
పెట్టెలు పీకేసి, ఇంజను పొగని బయటికి పంపే వట్టి హెడర్ పైపులు వేయడమే. డబ్బా ఉండదు, లోపలికి గాలీ రాదు. పైపులు పార్సిల్లో వచ్చాయి. "కొత్తకోడలొచ్చిందా?" అని రూతు వెటకారం. పోనీలే, పలకరించింది.

జూన్ 8, ఆదివారం
చర్చికి ఆటోలో. పాస్టరుగారు — "కారు బాగోలేదాండీ?" రూతు — "కారు బానే ఉందండి, నాకే బాగోలేదు." అందరూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది.

జూన్ 10
నట్లు కదలవు. ఉప్పుగాలి మహిమ. డీజిల్ పోసి నానబెట్టాను.

జూన్ 12
ఓడలరేవులో పడవ ఇంజన్లు బాగుచేసే సత్తిబాబు వచ్చాడు. "ఆయ్, కంగారు పడకండి, కాలిస్తే అదే వదులుద్దండి." మంట పెట్టాడు. ఒకటి కదిలింది... ఇంకోటి... చివరిది బోల్టుతో సహా విరిగింది. విరిగిన మొండికి ఇనపముక్క వెల్డింగుతో అతికించి, మెల్లగా తిప్పి తీశాడు. కౌగిలించుకోబోయాను, ఒంటినిండా మసి.
కొత్త పైపులు ఎక్కాయి. కారులోకి వెళ్ళే దారులన్నీ రేకుతో మూసేశాం. తుప్పు పట్టకుండా పైపులకి కొబ్బరినూనె పట్టించాను. మా ఇంట్లో అన్నిటికీ అదే మందు.

జూన్ 13
స్టార్ట్ చేశాం. పెరడంతా తెల్లటి పొగ! వేపుడు వాసన! రూతు ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని వచ్చింది. "ఇదేనా మీ రిపేరు?" సత్తిబాబు — "కారుది కాదండి అమ్మగారూ, అయ్యగారు దానికి తలంటేరండి." ఫక్కున నవ్వింది రూతు. ఈ కారు విషయంలో ఆమె నవ్వి ఎన్నాళ్ళయిందో. నూనె కాలిపోయాక పొగ లేదు. ఎక్కమని అడగలేదు. అడిగితే కాదంటుందని భయం.

జూన్ 15, ఆదివారం
ఆటో పిలవబోతుంటే — "ఉండండి." రూతు తనే వచ్చి కారులో కూర్చుంది. అద్దాలన్నీ దించి, మొహం బయటికి పెట్టి. వెళ్ళేటప్పుడు అలాగే.
వచ్చేటప్పుడు వాన. రూతు తనవైపు అద్దం ఎక్కించింది. నాది కొంచెం దించే ఉంచాను. "తడుస్తున్నారు కదండీ, మూసెయ్యండి." మూసేశాను. మళ్ళీ కళ్ళు తిరుగుతాయేమోనని దారంతా ఆమె మొహమే చూస్తూ నడిపాను. ఇంటికొచ్చి, అన్నం తిని, పడుకుంది.
నాకైతే తల తిరగలేదు. ఆవిడ ఇంకా లేవలేదు... లేచి మళ్ళీ కారెక్కుతానంటుందో, ఆటోనే నయమంటుందో.