డియర్ నాథన్, ఇట్లు వర్జీనియా

గిరావీన్,
ఏప్రిల్.

శ్రీమతి మరియరాణి గారికి కేశవరావు నమస్కారాలు.

మీకు ఈమెయిల్ లేదన్నారు కాబట్టి కాగితం మీదే రాస్తున్నాను. మీ అబ్బాయి నాథన్ తాలూకు పన్నుల పని మీ పాస్టరుగారు నాకు అప్పగించారు. చిన్న వయసు, పోయాడని వినగానే మనసు కలుక్కుమంది.

విషయం ఇది. పోయినేడు నాథన్ ఉద్యోగం చేసింది ఈ దేశంలోనే, వెస్ట్‌మీడ్‌లో మీ ఫ్లాట్‌లో కూర్చునే. జీతమిచ్చింది మాత్రం అమెరికా కంపెనీ. వాళ్ళు పొరపాటున అతని జీతంలోంచి కోసి వర్జీనియాకి కట్టేశారు. వర్జీనియా దగ్గర ఉండిపోయిన ఆ సొమ్ము మీకు రావాలి. ఏమైనా సందేహాలుంటే రాయండి.

ఇట్లు,
కేశవరావు

*

వెస్ట్‌మీడ్.

పన్నుల కేశవరావు గారికి ప్రభువు పేరిట మరియరాణి వందనాలు. నేను బాగానే ఉన్నానని రాయాలి గనక రాస్తున్నాను.

మూడో తరగతి చదువు, అక్షరాలు వంకరపోతే సర్దుకోండి. మీ ఉత్తరం చూసి నాకు వణుకు పుట్టింది. వర్జీనియాతో మా వాడికి ఏం పనయ్యా? వర్జీనియా నాకు తెలియందా! టంగుటూరు పొగాకు గ్రేడింగు షెడ్డులో ఏళ్ళ తరబడి వర్జీనియా ఆకు ఏరినదాన్ని. ఆ ఘాటుకి వాడు ఉయ్యాల్లోనే దగ్గేవాడు. నా బిడ్డకి ఈ ఆకు వద్దు ప్రభువా అనే గదా చదివించుకున్నాను. చుట్ట గాని సిగరెట్టు గాని వాడు ముట్టలేదు. డాక్టర్లు కూడా గుండె అన్నారే గాని ఊపిరితిత్తులు అనలేదు. ఎవరో వాడి పేరు చెప్పి పొగాకు కొన్నారు. పట్టుకోండి.

ఇట్లు,
మరియరాణి

తా.క. మీ ఆఫీసుకి ఫోను చేశాను. ఎవరో ఒకావిడ ఇంగ్లీషులో ఏదో అన్నది. వాడి సంగతంతా చెప్పుకుని ఏడ్చాను. పాపం, ఒక్క మాట అడ్డు రాకుండా విన్నది. ఈ ఊళ్ళో అంతసేపు నా మాట విన్నది ఆమె ఒక్కతే. చివర్న మాత్రం కుయ్యిమంది.

*

గిరావీన్.

మరియరాణమ్మ గారికి నమస్కారం.

పొగాకు మాట మరిచిపోండి. నాథన్‌ని ఎవరూ ఏమీ అనలేదు. ఈ వర్జీనియా వేరు, అమెరికాలో ఉంది. నాథన్‌కి అక్కణ్ణించి ఉత్తరాలు వచ్చి ఉంటాయి. వెతికి పంపండి.

ఇట్లు,
కేశవరావు

తా.క. ఫోనులో ఉన్నది మనిషి కాదండీ, మిషను. అయినా మీరు చెప్పినదంతా అందులో ఉంది. నేను విన్నాను. మా ఆవిడ కాత్యాయని కూడా విన్నది.

*

వెస్ట్‌మీడ్.

తమ్ముడు కేశవరావుకి, మరదలు కాత్యాయనికి మీ అక్క వందనాలు. విన్నారు గనక వరస కలుపుతున్నాను.

మీరు చెప్పినట్టే ఉత్తరాలున్నాయి! ఒకటి మొన్ననే వచ్చింది. పక్క ఫ్లాట్ నర్సమ్మాయి సాయిప్రియ డ్యూటీకి పోతూ మెట్ల మీదే మొదటి ముక్క చదివింది. "డియర్ నాథన్ అని ఉంది ఆంటీ, వర్జీనియా నుంచి. మిగతాది సాయంత్రం," అని పరుగు. మిగతాది ఎందుకు? డియర్ అంటే నాకు తెలీదా?

పెళ్ళి మాటెత్తితే "చూద్దాంలేమ్మా" అనేవాడు. ఈ పిల్ల కోసమా! జీతం పంపేంత దగ్గరైనా అమ్మతో ఒక్క మాట అనలేదు చూడు. తమ్ముడూ, మొన్న కూడా రాసిందంటే వాడు ఉన్నాడనే అనుకుంటోంది గదా. ఆ బిడ్డకి ఎవరు చెబుతారు? డబ్బు అడగొద్దు. కోడలి దగ్గర ఉంటే నా దగ్గర ఉన్నట్టే.

ఇట్లు,
అక్క

తా.క. ఏ చర్చి పిల్లో కనుక్కో. ఏ చర్చీ కాకపోయినా పరవాలేదు.

*

గిరావీన్.

అక్కయ్యగారికి,

ఈ ఉత్తరం ఎన్నిసార్లు రాసి చించానో. వర్జీనియా అమ్మాయి కాదు. మనకి ఆంధ్ర ఎలాగో అమెరికాకి అదొక రాష్ట్రం. రాసింది అక్కడి పన్నుల ఆఫీసు. డియర్ అని వాళ్ళు అందరికీ రాస్తారు, జరిమానా వేసేటప్పుడు కూడా. మొదటే చెప్పవలసింది, తప్పు నాది.

సొమ్ము రావాలంటే రెండు కావాలి: మరణ ధ్రువపత్రం, ఆ ఏడాది నాథన్ ఎక్కడ ఉన్నాడో మీ మాటల్లో.

ఇట్లు,
కేశవరావు

తా.క. కాత్యాయని నాతో మాట్లాడటం లేదు. "ఆ పిల్లను పుట్టించిందీ మీరే, చంపిందీ మీరే," అని కూర్చుంది.

*

వెస్ట్‌మీడ్.

తమ్ముడికి,

రాష్ట్రాన్ని పట్టుకుని కోడలనుకున్నాను! నవ్వొచ్చింది. వాడు పోయాక నవ్వడం ఇదే. నవ్వు ఆగాక ఇల్లు ఇంకా ఖాళీగా తోచింది.

ఆ చావు కాగితం మాత్రం పంపను. ఫోను వాళ్ళకి ఇచ్చాను, వాడి పేరు కొట్టేశారు. బ్యాంకు వాళ్ళకి ఇచ్చాను, కొట్టేశారు. వాడింకా ఉన్నాడనుకుంటున్నది లోకంలో ఆ రాష్ట్రం ఒక్కటే. నా చేత్తో దానికి చెప్పలేను.

రెండోది రాస్తాను. ఆ ఏడాది ఉన్నన్నాళ్ళూ వాడు ఇక్కడే ఉన్నాడు. పొద్దున్నే కంప్యూటరు ముందు కూర్చునేవాడు, పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ. అమెరికా వాళ్ళకి చొక్కా వరకే కనపడేది. అన్నం పళ్ళెం పెడితే వాళ్ళ నోరు మూయించి తినేవాడు, నొక్కితే నోరు మూసే మీట ఒకటుంది దానికి. నాకోసం బాల్కనీ కుండీలో గోంగూర వేశాడు. ఎండాకాలం బాగా వచ్చింది. ఈ దేశపు జూన్, జూలై చలికి మోడైంది. ఆగస్టులో ఆయాసం అన్నాడు. ఆసుపత్రి దగ్గరే గదమ్మా అని లుంగీ మార్చుకుని నడిచే పోయాడు. మళ్ళీ రాలేదు.

ఇదిగో, ఇంతా రాసి చూసుకుంటే, చెప్పలేనన్నది చెప్పేశాను. సరే, ఆ కాగితమూ పెడుతున్నాను.

ఇట్లు,
అక్క

తా.క. లుంగీ సంగతి కంపెనీకి తెలియనీయకు.

*

గిరావీన్.

అక్కయ్యగారికి,

మీ మాటలు కాత్యాయని ఉన్నవున్నట్టు ఇంగ్లీషు చేసింది. సొమ్ము వచ్చింది. కూడా ఒక ఉత్తరం. ఈసారి పైన "డియర్ మరియరాణి" అని ఉంది. అడుగున పని చూసినావిడ పెన్నుతో రాసింది: "మీ అబ్బాయి వేసిన మొక్క బతికిందా?"

కింద సంతకం చూసి మేమిద్దరం మొహాలు చూసుకున్నాం. ఆవిడ పేరు వర్జీనియా.

ఇట్లు,
కేశవరావు

*

వెస్ట్‌మీడ్.

డియర్ వర్జీనియా,

మా నాథన్ గురించి అడిగావు గనక రాస్తున్నాను తల్లీ. మోడు పీకేద్దామని పోయి, చెయ్యి రాక వచ్చేశాను. ఆ కుండీలోనే రాలిన గింజలున్నట్టున్నాయి. వాడు పోయాక నీళ్ళు పోయలేదు, ఈసారి ఎండలొచ్చాక పోసి, మొలుస్తాయేమో చూసి మళ్ళీ రాస్తాను. నువ్వూ రాస్తూ ఉండు.

ఇట్లు,
నాథన్ వాళ్ళమ్మ

తా.క. తమ్ముడూ, ఇది కాత్యాయని చేత ఇంగ్లీషు చేయించి పంపు. పెళ్ళయిందా అని నేను అడగలేదు. అడగమంటావా?