పొద్దున్న దీనిది, సాయంత్రం వాడిది

మహారాజశ్రీ వ్యాయామశాలాధిపతి, అడక్కుండానే మన కుటుంబ వైద్యపదవిని అలంకరించిన అన్నయ్య సముఖమునకు, చెల్లెలు నమస్కారం పెట్టకుండా రాయునది.

ఇక్కడ అందరం కులాసా, నువ్వూ కులాసా అని తలుస్తాను అంటూ మొదలుపెట్టడం మర్యాద. నువ్వు కులాసాగానే ఉంటావు, ఆ బెంగ నాకు లేదు. ఇక్కడ మాత్రం కులాసా కాదు. ఎందుకు కాదో చెప్పడానికే ఈ ఉత్తరం. ఫోన్ చేయొచ్చుగా అంటావు. ఫోన్లో అయితే నువ్వు మధ్యలో దూరి, నేను చెప్పేది విను అని మొదలుపెడతావు. కాగితం మీద నీకా సౌకర్యం లేదు. నోరు మూసుకుని చివరిదాకా చదువు.

కిందటి ఉత్తరంలో నువ్వడిగిన వాటికి ముందు జవాబులు. నా ఉద్యోగం బాగానే ఉంది. పాల కంపెనీ ల్యాబులో పాలలో నీళ్ళెన్నో కనిపెట్టడమే ఇప్పటికీ నా పని. నీ మాటల్లో నీళ్ళెన్నో కూడా అక్కడే పరీక్ష చేయించాలనుంది, కానీ అంత పెద్ద గొట్టం మా దగ్గర లేదు. ఇక, మనసును హుషారుగా ఉంచే సెరటోనిన్ ఒంట్లో నూటికి తొంభై పాళ్ళు పేగుల్లోనే తయారవుతుందన్న సంగతి నా డిగ్రీలో చెప్పారా అని అడిగావు. చెప్పారు స్వామీ. ఆ పేగుల్లోది మెదడు గుమ్మం దాటి లోపలికి పోలేదని కూడా చెప్పారు. నువ్వు చూసిన వీడియో ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి అయిపోయినట్టుంది. కడుపులోది కడుపు పని చూసుకుంటుంది, పేగును కదిలిస్తుంది, రక్తంలో చేరి గాయం మీద గడ్డ కట్టడానికి సాయపడుతుంది. నిద్రకీ ఆకలికీ మనసుకీ కావలసినది మెదడు తన వంటింట్లో తనే వండుకుంటుంది. అరటిపండ్లు తిని ఎండలో నడిస్తే మంచిదే, ఎవరూ కాదనలేదు. కానీ అమ్మకు వచ్చింది అరటిపండుతో పోయే దిగులు కాదు.

అమ్మ మొహం కాస్త తేటపడిందా అని కూడా అడిగావు. తేటపడింది. నీ సీసా వచ్చేదాకా.

శీతాకాలమంతా ఆమె ఎలా ఉండేదో నువ్వు చూడలేదు కాబట్టి చెబుతున్నాను. ఊళ్ళో సగం దుకాణాల పేర్లు చేత్తో రాసిన మనిషి, ఖాళీ బోర్డు ముందు స్టూలేసుకుని కూర్చుని, రంగు డబ్బా మూత తీయకుండానే లేచిపోయేది. నేను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన నీలా ఒక్క ముక్కలో తేల్చలేదు. "ఇది ఫలానా పదార్థం తగ్గిందని కొలిచి ఇచ్చే మందు కాదమ్మా. చాలామందికి పనిచేసింది కాబట్టి ఇస్తున్నాను. కొన్ని వారాలు ఓపిక పట్టాలి" అన్నారు. పట్టాం. వసంతం నాటికి అమ్మ మళ్ళీ కుంచె పట్టింది, పక్కింటి చెప్పుల షాపు బోర్డులో వంకర అక్షరాలు చూసి వెక్కిరించింది కూడా. అంటే బాగైనట్టే.

అప్పుడు నువ్వు దయచేసి కొరియర్లో సీసా పంపావు. 'సంతోషానికి సహజ మార్గం' అని పైన ఆకుపచ్చ రంగులో రాసి ఉంది. ఇంగ్లీషు మాత్రలు మానేసి ఇవి వేసుకో, చెల్లికి చెప్పకు, అది గొడవ చేస్తుంది అని అమ్మకు ఫోన్లో ఊదావు. తెలిసుంటే గొడవ చేసేదాన్నే. నాన్న బతికుంటే ఆ సీసా వీధి చివరిదాకా గాల్లో ప్రయాణించేది.

తర్వాత జరిగింది విను. రెండు రోజులు అమ్మ ఫ్యాను కిందే చెమటలు కక్కింది. కాళ్ళు వాటంతటవే ఎగిరెగిరి పడ్డాయి. నీకు మహా ఇష్టమైన పేగులు కూడా ఆమెను బాత్రూము వదిలి రానివ్వలేదు. ఏదో పడలేదే అంది, నేనూ అదే అనుకున్నాను. మూడో రోజు మధ్యాహ్నం పళ్ళ డాక్టరు క్లినిక్ గాజు తలుపు మీద ఆయన పేరు రాయడానికి వెళ్ళింది. ఒప్పుకున్న పని ఎగ్గొట్టే అలవాటు లేదు కదా ఆమెకు. ఆ రోజు నాకు సెలవు, రంగు డబ్బాలు మోసుకుని నేనూ వెళ్ళాను. చేయి ఆన్చుకునే కర్ర గాజుకు పెట్టి, మొదటి రెండు అక్షరాలూ అచ్చు గుద్దినట్టు రాసింది. మూడోది మొదలుపెట్టగానే గీత వణుకుతూ కిందికి జారింది.

"ఈ అద్దం కదులుతోందేమే" అంది.

అద్దం కదల్లేదు. పళ్ళ డాక్టరు బయటికొచ్చి, ఏంటమ్మా నా పేరుకి చలేసిందా అని నవ్వబోయాడు. అమ్మ దవడ టకటక కొట్టుకోవడం, కంటిపాపలు రూపాయి బిళ్ళల్లా విచ్చుకోవడం చూసి ఆ నవ్వు సగంలో మింగేశాడు. తన కారులోనే ఆసుపత్రికి తెచ్చాడు. దారంతా అమ్మ ఒళ్ళు పెనంలా కాలింది. ఇంకా ఒక అక్షరం బాకీ ఉంది, తడి ఆరేలోపు ఆ జారిన గీత తుడవాలి అని గొణుగుతూనే ఉంది.

ఎమర్జెన్సీలో కుర్ర డాక్టరు ఆమె మోకాలి మీద చిన్న సుత్తితో తట్టాడు. కాలు ఎగిరి అతని చేతినే తన్నింది. అతను వెంటనే అడిగాడు, రోజూ వేసుకునే మాత్ర కాక ఇంకేమైనా వాడుతున్నారా అని. అమ్మ నావైపు చూసింది, గోడవైపు చూసింది. వాడు పంపిన చిన్న సీసా అంది. మరి పాత మాత్ర మానేశారా అన్నాడు.

"ఎందుకు మానతాను? పొద్దున్న దీనిది వేసుకున్నాను, సాయంత్రం వాడిది వేసుకున్నాను."

అర్థమైందా మహానుభావా? నువ్వు మానమన్నా నా మాత్ర మానలేదు. మానితే నా మనసు కష్టపడుతుంది. నీ సీసా పక్కన పడేయనూ లేదు. పడేస్తే నీ మనసు కష్టపడుతుంది. చిన్నప్పుడు ఒక్క మిఠాయి ఉంటే దారం పెట్టి కోసి, ముక్కలు సరిసమానంగా వచ్చాయో లేదో కన్నార్పకుండా చూసిన మనిషి. అదే న్యాయం ఈసారి తన నరాల మీద అమలు చేసింది. నీ సీసాలోది ఒంట్లోకి వెళ్ళి, మెదడు గుమ్మం కూడా దాటి సెరటోనిన్‌గా మారే సరుకు. డాక్టరు మాత్ర, నరం వదిలిన సెరటోనిన్‌ను వెంటనే వెనక్కి లాక్కోకుండా ఆపేది. ఒకటి కుళాయి తిప్పింది, ఒకటి తూము మూసింది. తొట్టి పొర్లింది. ఇంకొంచెం ఆలస్యమైతే ప్రాణం మీదికొచ్చేదని కుర్ర డాక్టరు నాతో అన్నాడు. ఆ మాట ఉన్నదున్నట్టు నీకు అప్పజెబుతున్నాను, దాచుకో. సహజమైనదైతే హాని ఉండదని నువ్వెక్కడ చదివావో గానీ, విషం పుట్టగొడుగులు కూడా ఏ ఫ్యాక్టరీలోనూ తయారు కావు.

రెండూ ఆపించి, సెలైను పెట్టి, వణుకు తగ్గే ఇంజక్షను ఇచ్చి, మర్నాటికి మనిషిని మనకు ఇచ్చారు. అక్కడితో కథ కంచికి వెళ్ళి ఉంటే నేనీ ఉత్తరాన్ని ఇంకో నాలుగు తిట్లతో ముగించి హాయిగా పడుకునేదాన్ని.

వెళ్ళలేదు. ఒంట్లోంచి అదంతా పోయాక పాత మాత్ర ఒక్కటీ మళ్ళీ మొదలుపెట్టమని మన డాక్టరు గారు చెప్పారు. అమ్మ మొదలుపెట్టడం లేదు. అడిగితే, ఇద్దరివీ మానేశాను, గొడవ వదిలింది అంటోంది. వాడిది పారేసి నీది వేసుకుంటే వాడేమనుకుంటాడు, అంత దూరంలో ఉండి ప్రేమతో పంపాడు అంటోంది. అలా రోజులు గడుస్తున్నాయి. పళ్ళ డాక్టరు తలుపు మీద ఆ రెండు అక్షరాలే ఉన్నాయి. కుంచెలు రంగుతోనే ఎండి కర్రల్లా బిగుసుకుపోయాయి. కుంచె కడక్కుండా అన్నం ముట్టని మనిషి అన్నయ్యా. నిన్న మంచం మీద పడుకుని పైకప్పు చూస్తూ, "లేచి చేసేదేముందే" అంది. ఏడుస్తూ అంటే ఇంత భయపడేదాన్ని కాదు. టైమెంతయింది అని అడిగినట్టు అంది.

నేను చేయాల్సిందంతా చేశాను. బతిమాలాను, అరిచాను, డాక్టరు చేత ఫోన్ చేయించాను. ఇక చివరికి, నీకూ ఎవరికీ ఇంతవరకూ చెప్పనిది చెప్పేశాను. అమ్మా, నేనూ అదే మాత్ర వేసుకుంటున్నాను, కాలేజీ ఆఖరి ఏడాది నుంచీ, అన్నాను. అవును, నేనే. పెళ్ళిళ్ళలో అందరినీ నవ్వించే నీ చెల్లెలే. ఆ ఏడాది హాస్టల్ గదిలో దుప్పటి కింద ఎలా ఉన్నానో మీ ఇద్దరికీ తెలియదు, తెలియకుండా నేనే ఫోన్లో జోకులేశాను. అమ్మ వింది. విని, ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి నవ్వింది.

"నీ వేషాలు నా దగ్గరా" అంది.

మాత్రల అట్ట చూపించాను. నాదే దొంగిలించి నాకు చూపిస్తున్నావా అంది. ఇన్నేళ్ళు అన్నిటికీ నవ్వించి, నిజం చెబితే నమ్మని స్థితి తెచ్చుకున్నాను. కాబట్టి నా మాట ఇక చెల్లదు. చెల్లేది నీ మాటే. ఇది రాయడం నాకు ఎంత మంటగా ఉందో నీకు తెలియాలి కాబట్టి రెండోసారి రాస్తున్నాను. చెల్లేది నీ మాటే.

ఇది అందిన వెంటనే అమ్మకు ఫోన్ చెయ్. సెరటోనిన్ గురించి ఒక్క ముక్క మాట్లాడకు. నా సీసా గొప్పదే గానీ అంటూ మొదలుపెట్టకు. "అమ్మా, నేను పంపింది తప్పు, పారెయ్. చెల్లి తెచ్చింది వేసుకో. నాకేం బాధ లేదు" అను. ఆ చివరి ముక్క మాత్రం మింగకు, అమ్మ ఎదురుచూస్తున్నది దానికోసమే. అబద్ధమైనా సరే, గొంతు తడబడకుండా అను. నిజంగా బాధుంటే తర్వాత నాకు ఫోన్ చేసి కడుపారా తిట్టు. నేను నా మాత్ర వేసుకునే ఫోనెత్తుతాను.

ఇట్లు,
నీ మీద కోపం ఏ మందుకీ దిగని
నీ చెల్లెలు