టర్బో చల్లబడే రెండు నిమిషాలు

ఆగస్టు 1998, మంగళవారం

మధ్యాహ్నం గోదావరి ఒడ్డున అన్నను దహనం చేసి వచ్చాం. నాకు ఏడుపు రాలేదు.

నిన్న పొద్దున దుమ్ముగూడెం నుంచి భద్రాచలం దవాఖానా దాకా మా టర్బో డీజిల్ బండిని ఎప్పుడూ తోలనంత వేగంగా తోలాను. వెనక సీట్లో మలేరియా జ్వరంతో అన్న, వదిన ఒళ్ళో తల పెట్టుకుని ఉన్నాడు. దవాఖానా ముందు ఆగి తాళంచెవి మీద చెయ్యి వేశాను.

“ఎంబడే బంద్ చెయ్యకు తమ్మీ. రెండు నిమిషాలు నడవనియ్. టర్బో కాలిపోతది,” అన్నాడు అన్న.

మాట్లాడాడు కదా, బాగానే ఉన్నాడనుకున్నాను. వేగంగా తోలాక ఇంజిన్ కాసేపు ఊరికే నడిస్తేనే వేడెక్కిన టర్బో చల్లబడుతుందని అన్న చెప్పేవాడు; బండి కొన్న రోజు నుంచి ఆ మాట నేను దాటలేదు. ఇంజిన్‌ను అలాగే నడవనిచ్చి అన్నను ఎత్తుకుపోవచ్చని తట్టనే లేదు. స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను.

“ఏంది రాములూ, దిగవేంది!” అని వదిన అరిచింది.

“అయిపోవచ్చింది వదినా,” అన్నాను.

లోపలికి మోసుకుపోయేసరికి అన్న లేడు. తీసుకురావడమే ఆలస్యమైందన్నాడు డాక్టరు. ఆ రెండు నిమిషాలూ అందులో లెక్కేనా అని నేను అడగలేదు.

ఈ సాయంత్రం ఇంటి ముందు బండి ఆపి మళ్ళీ అలాగే కూర్చున్నాను. రెండు నిమిషాలు ఎప్పుడు దాటాయో తెలియదు. ఇంజిన్ ఏ లోపమూ లేకుండా మెత్తగా నడుస్తోంది. గడపలోంచి చూస్తున్న వదిన వచ్చి, కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళంచెవి తిప్పింది.

“దిగు రాములూ,” అంది. నిన్నటి మాటే. ఈసారి అరవలేదు.