చేతిలో చెప్పులు

అమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఒక్క రాత్రయినా దొరసానిలా పడుకుందామని బీదరు వచ్చాను. ఇక్కడ కోటగోడల లోపల పాత జాగీర్దారు హవేలీని హోటల్ చేశారు. గుమ్మంలో కాపలా నిలబడ్డది మన తాండూరు మనిషే, మాటలోనే తెలిసిపోయింది.

"చెప్పులు గీడనే ఇడువుండ్రి మేడమ్. జాగీర్దారు కాలం నుంచి గిదే రివాజు" అన్నాడు.

వచ్చినవాళ్ళంతా ముచ్చటపడి ఫొటోలు తీసుకున్నారు. ముచ్చటపడరా మరి! వాళ్ళ అమ్మలెవరూ నీలాగా దొర ఉండే గడి ముందు చెప్పులు చేతబట్టుకుని నడవలేదు. నీ కొంగు పట్టుకుని నేనూ అలాగే నడిచేదాన్ని.

లోపలికి రెండడుగులు వేశానో లేదో, అతను నవ్వాడు.

"చేతిల పట్టుకున్నరేంది మేడమ్? గా స్టాండుల పెట్టుండ్రి."

అప్పుడు చూసుకున్నాను. అందరి చెప్పులూ స్టాండులో ఉన్నాయి. నావి చేతిలో ఉన్నాయి.

నీ బిడ్డ