గోడమీద మిగిలిన వాక్యం

సాల్తో,
2017 అక్టోబరు 14

తబారే ఇరిగోయెన్ గారికి,

మీరూ, మీ కుటుంబమూ, మీ మోకాలూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ నేను క్షేమం. మర్యాద ఇంతవరకే. ఇక నువ్వు అనే రాస్తాను. మనం మాట్లాడుకోక నలభై ఒక్క ఏళ్ళయినా నిన్ను మీరు అనడానికి నా చెయ్యి ఒప్పుకోవడం లేదు.

1976 సెప్టెంబరులో ఒక శుక్రవారం, ఉపాధ్యాయుల గదిలో, నా మాతే ఆకుటీ గిన్నెలోంచే తాగుతూ నువ్వు నాకొక మాట ఇచ్చావు. నడవా గోడమీది కాగితాలన్నీ రేపు పొద్దున్నే నేను తీసేస్తాలేరా, నువ్వు ఇంటికెళ్ళి ఆ పరీక్ష పేపర్లు దిద్దుకో అన్నావు. రెండుసార్లు అడిగాను. ఒరే, ఇదేమన్నా పెళ్ళి ప్రమాణమా, ఎన్నిసార్లు చేయిస్తావు అని నవ్వావు. మర్నాడు పొద్దున నువ్వు దొరాదో చేపల కోసం నదికి పోయావు.

ఇప్పుడు మన బడికి వందేళ్ళు నిండుతున్నాయని ప్రత్యేక సంచిక వేస్తున్నావు. అందులో నీ వ్యాసం నాకు పంపి, నన్నూ రెండు పేజీలు రాయమన్నావు. నీది రెండుసార్లు చదివాను. 'ఫెర్మీన్ మాస్టారి రంగురంగుల కాగితాలతో ఆ నడవా పూలతోటలా ఉండేది' అని రాశావు. పూలతోట. ముప్పై ఏళ్ళు చరిత్ర పాఠం చెప్పినవాడివి నువ్వు.

మరిచిపోయినట్టు నటిస్తున్నావు గనక గుర్తు చేస్తాను. అప్పుడు హైస్కూలు నాలుగో ఏటి పిల్లలకు ఇంగ్లీషులో నేను చెబుతున్నది ఒకే ఒక్క వాక్యపు అచ్చు. ఐ వాంట్ యూ టు గో. షీ ఆస్క్‌డ్ హిమ్ టు వెయిట్. మన పిల్లల నోట అది పలకదు. నువ్వు వెళ్ళాలని నా కోరిక అంటాం మనం. కోరేవాడికీ వెళ్ళేవాడికీ మధ్య మన భాషలో కాస్త ఎడం ఉంటుంది. ఇంగ్లీషువాడు ఆ ఎడం ఉంచడు. ఎదుటి మనిషిని సర్వనామంగా మార్చి తన కోరిక పక్కనే నిలబెట్టి, పని చేతిలో పెట్టేస్తాడు. సైన్యం ఏలుతున్న ఆ రోజుల్లో దేశమంతా ఆ అచ్చులోనే నడుస్తోందని నేను నీతో అన్నాను. మెల్లగా అనరా, గోడకు చెవులు మొలిచిన కాలం ఇది అన్నావు.

పాఠ్యపుస్తకంలో టామ్‌ను వాళ్ళమ్మ కిటికీ మూయమంటుంది. సాల్తోలో టామ్ ఎవడు? అందుకని నేనొక నియమం పెట్టాను. ఇంట్లో ఎవరో తమను నిజంగా చెయ్యమన్న పనిని ఒక్కొక్కరూ ఈ అచ్చులో రాయాలి. కల్పించి రాస్తే కొట్టేస్తాను. దిద్దిన వాక్యాన్ని పెద్ద కాగితంమీద తిరగరాసి నడవాలో అంటించాలి. ముప్పై ఒక్కమంది పిల్లలు, ముప్పై ఒక్క కాగితాలు. నువ్వు వాటి ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఒరే ఫెర్మీన్, ఇది క్లాసా, చర్చిలో పాపాలు చెప్పుకునే చోటా, ఊరి గుట్టంతా ఇక్కడే ఉంది, మా అత్తగారికి ఇంగ్లీషు వస్తే ఇక్కడే కాపురం పెట్టేది అనేవాడివి. నేనూ నవ్వాను.

మిర్తా బెంతాంకోర్ మూడుసార్లు కల్పించి రాసింది. మూడుసార్లూ కొట్టేశాను. అమ్మ నన్ను పాలు కొనుక్కు రమ్మంది అని రాసింది. వాళ్ళకు రెండు ఆవులున్నాయని నాకు తెలుసు. మాస్టారూ, మా ఇంట్లో నన్నెవరూ ఏమీ చెయ్యమనరండీ అంది. అలాంటి ఇల్లు భూమ్మీద లేదు, కూచుని నిజం రాయి అన్నాను. పదిహేనేళ్ళ పిల్ల, చాలాసేపు పెన్ను కొరుకుతూ కూచుని నాలుగోసారి రాసింది. రోజూ పాత నారింజ గోదాముకు రొట్టె తెచ్చి పెట్టమని మా అన్న నన్ను అడిగాడు. ఒక్క తప్పు లేదు. కింద ఎర్రసిరాతో అద్భుతం అని రాసి, నేనే అంటించాను. వారం తర్వాత వచ్చి, నాది తీసేస్తారా మాస్టారూ, చేతిరాత బాగాలేదు అంది. వినయం అనుకున్నాను.

వాళ్ళన్న విల్మార్ అచ్చాఫీసు కార్మిక సంఘం మనిషి. సైన్యం వెతుకుతుంటే ఆరు నెలల ముందే నది దాటి అర్జెంటీనాకు పారిపోయాడని వాళ్ళమ్మ చెప్పింది, ఊరు నమ్మింది. మూడు వారాల పాటు మనమందరం ఆ కాగితం ముందునుంచే నడిచాం. నువ్వూ నడిచావు, తబారే. నీకూ అంతో ఇంతో ఇంగ్లీషు వచ్చు.

సోమవారం తనిఖీ ఉందని, జెండా తప్ప గోడలమీద ఏమీ ఉండకూడదని ఆ శుక్రవారమే నోటీసు వచ్చింది. నువ్వు మాట ఇచ్చింది అందుకే. సోమవారం వచ్చినవాళ్ళలో ఒక అధికారి విదేశంలో చదివినవాడు. పెదాలు కదుపుతూ ఆ కాగితం చదివాడు. ఈ అమ్మాయి ఎవరు, చక్కగా రాసింది అన్నాడు. పక్కనే నిలబడి ఉన్న నీ చొక్కాకు ఇంకా చేపల వాసన పోలేదు. మర్నాడు మధ్యాహ్నం మిర్తా గుడ్డలో రొట్టె చుట్టుకుని వెళ్తే, ఆమె వెనకే రెండు జీపులు వెళ్ళాయి.

విల్మార్ ఏడేళ్ళకు జైలునుంచి తిరిగి వచ్చాడు. ఎవరైనా చేతికి రొట్టె అందిస్తే తినేవాడు కాదు. బల్లమీద పెట్టి పక్క గదిలోకి పోతే తినేవాడు. తొంభై ఒకటిలో పోయాడు. అంత్యక్రియలకు నువ్వు పూలు పంపావు. అప్పుడూ పూలే.

మిర్తా ఇప్పుడు బొత్తాలూ దారాలూ అమ్ముతుంది. వేడినీటి బుగ్గల కోసం వచ్చే విదేశీయులు ఏదైనా అడిగితే వేలితో చూపిస్తుందట, ఇంగ్లీషు ముక్క నోట రానివ్వదట. తన వాక్యమే అన్నను పట్టించిందని ఈనాటికీ అనుకుంటోంది. ఇది నాకు తెలుసు. ఊళ్ళో అందరికీ తెలుసు. నేను ఆ వీధిలోంచి నడవను, దారపు ఉండ కావాలన్నా నాలుగు వీధులు చుట్టి వేరే చోటికి పోతాను. ఎందుకో నిన్ను అడగాలి. మాట నిలబెట్టుకోవడం ఒక్కటే నీ పని. గోడ దగ్గరకు నడిచి, చేతులు పైకెత్తి, కాగితాలు లాగెయ్యాలి. అంతకంటె ఎవరూ నిన్ను ఏమీ కోరలేదు.

నీకు కావలసిన రెండు పేజీలు ఇవే. ఉత్సవం రోజు మిర్తా ముందువరసలో కూచుంటుందని రాశావు. వేదికెక్కి ఆమె ముఖం చూసి చెప్పు. అమ్మా, నీ తప్పేమీ లేదు, తీసేస్తానని మాట ఇచ్చి నేను చేపలకు పోయాను అని చెప్పు. చెప్పలేకపోతే నా పేరు నీ సంచికలో కనబడకూడదు.

నీ ఉత్తరం చివర ఒక ప్రశ్న అడిగావు. శనివారం నేను ఒక్క కాగితమూ తియ్యలేదు ఫెర్మీన్, ముప్పై ఒకటీ అలాగే వదిలేశాను, సోమవారం వచ్చి చూస్తే ఒక్కటే ఉంది, తక్కినవి ఎవరు తీశారో ఇన్నేళ్ళుగా అడుగుదామనుకుంటున్నాను అన్నావు. దానికి నేను జవాబు చెప్పను. మాట తప్పినవాడికి ప్రశ్నలు వేసే హక్కు లేదు.

ఇట్లు,
ఒకప్పటి నీ స్నేహితుడు,
ఫెర్మీన్ ఒలాస్కోవాగా

తా. క. అంటించిన కవరు రెండు రోజులు బల్లమీదే ఉంది. ఇవాళ చింపి ఇది రాస్తున్నాను.

తనిఖీకి ముందురోజు, ఆదివారం మధ్యాహ్నం, ఊరు కునుకు తీస్తుండగా నేను బడికి వెళ్ళాను. నా దగ్గర తాళంచెవి ఉండేది. కాగితాలన్నీ గోడమీదే ఉన్నాయి. నిన్ను తిట్టుకుంటూ ఒక్కొక్కటీ తీశాను. ఒకదానిలో అక్షరం పోయింది, ఒకదానిమీద సిరా మరక. ముప్పై తీశాక మిర్తాది మిగిలింది. దానికి వంక పెట్టడానికి ఏమీ లేదు. వచ్చేవాళ్ళలో ఒకడికి ఇంగ్లీషు బాగా వచ్చని విన్నాను. ఈ మారుమూల ఊళ్ళో కూడా ఆ అచ్చు నేర్పగలిగినవాడు ఒకడున్నాడని వాడు చూడాలనుకున్నాను. ఒక్క కాగితానికి ఎవరేమంటారులే అని వదిలేశాను.

దాన్ని నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. సర్వనామం చూశాను. దాని తర్వాతి క్రియ చూశాను. అందులో ఒక రొట్టె, ఒక గోదాము, ఆకలితో ఉన్న ఒక అన్న ఉన్నారని సోమవారం ఆ అధికారి పెదాలు కదిలేదాకా నాకు తెలియలేదు.

వేదికమీద నువ్వు ఏమీ చెప్పనక్కర్లేదు. ఈ తా. క.తో సహా ఉత్తరానికి ప్రతి రాసుకున్నాను. రేపు పొద్దున ఆ వీధిలోకి నడిచి, మిర్తా చేతికి నేనే ఇస్తాను. నువ్వు చేపలకు పోయినందుకు నీమీద కోపం పోలేదు, పోదు కూడా. కాని విల్మార్ సంగతి వేరు. అతని విషయంలో ఇన్నేళ్ళుగా, ఇప్పటికీ, నేను తప్పుపట్టే మనిషి ఒక్కడే. ఫెర్మీన్ ఒలాస్కోవాగా.