ఏడు గంటల పూలబొమ్మ

ఓబులేసు మామా,

ఏటా మనిద్దరం జమ్మలమడుగు పింఛను ఆఫీసుకు పోయి, బతికే ఉన్నామని సంతకం పెట్టొచ్చేవాళ్లం కదా, ఇప్పుడు ఫోన్‌కు మొహం చూపిస్తే చాలట. ప్రొద్దుటూరులో నెట్ సెంటర్ నడిపే అమ్మాయి దగ్గరికి పోయాను. ఫోన్‌లో చోటు లేక యాప్ ఎక్కలేదు.

"ఏంది తాతా, అన్నీ గుడ్ మార్నింగ్ పూలబొమ్మలే! ఎవురీ ఓబులేసు, పనీపాటా లేదా ఆయప్పకు? తుడిచేస్తాండా."

తుడవనీకుండా ఫోన్ లాక్కున్నాను. నేనూ నిన్ను అట్లాగే తిట్టేవాణ్ణి. పొద్దున్నే బొమ్మలు పంపడం పులివెందులలో మీ అల్లుడు నీకు నేర్పిన విద్య. ఒకసారి ఒకే మందారాన్ని తొమ్మిదిసార్లు పంపావు. సరే, అది వేరే కథ. "ఏడుకు బొమ్మ రాకుంటే ఫోన్ చెయ్ మామా, బతికుండానో లేదో తెలుస్తాది" అని నవ్వేవాడివి.

ఆ సోమవారం బొమ్మ రాలేదు. నెట్ అయిపోయుంటుందిలే అనుకుని పేపరు చదువుకుంటూ కూర్చున్నాను. పదకొండుకు మీ అల్లుడే ఫోన్ చేశాడు.

"మరి బతికుండావని ఎట్ల చెప్తావ్ తాతా?" అంది నెట్ సెంటర్ పిల్ల.

రేపు జమ్మలమడుగు పోయి, ఆఫీసులో నిలబడి నేనే చెప్పొస్తాను. బస్సు ఏడింటికి. ఆ వేళకు జేబులోంచి ఫోన్ తీయకుండా ఉండగలనో లేదో.